నికాసియో మోకు

ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన చదరం,
మూరెడు పొడవు, మూరెడు వెడల్పు.
లాక్ అఖాతంలో మెడలోతు నీళ్ళలో
ఊపిరి బిగబట్టి మునిగి దాన్ని అడుగున పరుస్తాను.
లోపల ఎన్ని ఆకులు, ఏ జాతివి?
ఇదీ నా కొలువు.
పలక మీద పెన్సిలు నీళ్ళలో కూడా రాస్తుంది.

మా తాబేటి గడ్డి ఆకు రిబ్బనంత వెడల్పు,
వేరు జేనెడు లోతు.
పక్కకి ఒక్క మూర జరగాలంటే దానికి
నేను బడిలో చేరి బయటపడినంత కాలం కావాలి.
కొత్తది చిటికెన వేలంత.
ఎర్రసముద్రం దాని పుట్టిల్లు.
ఏ ఓడ లంగరు సందున ఇరుక్కుని
ఇన్ని నీళ్ళు దాటిందో,
పిలవని పేరంటానికి వచ్చి పీట వేసుకుంది.
తెంపితే చావదు,
తెగిన ముక్క ఇంకోచోట కాపురం పెడుతుంది.

తాబేలు వస్తుంది.
కొత్తదాన్ని మూతితో పక్కకి నెట్టి
పాతదాన్నే వెతుక్కుని కొరుకుతుంది.
పాతది పలచబడుతుంది,
ఆ ఖాళీలోకి కొత్తది పాకుతుంది.
ఇష్టం కూడా ఇలా నష్టం చేస్తుందని రాయడానికి
నా పలక మీద గడి లేదు.

ఒడ్డు సంగతి చెప్పనా?
మా ఇంటి వెనక వయకా చెట్టు.
నీలంగా పూస్తుంది. చెక్క నీళ్ళలో వేస్తే
రాయిలా మునుగుతుంది.
దాని వయసు మా ముత్తవ్వకీ తెలియదు.
దాని కింద ఒక్క పిల్లమొక్కా లేదు,
మొలిచిందల్లా మేక నోటికే.
మేకల్ని ఎవరు తెచ్చారంటే ఓడలవాళ్ళంటాం.
నిజమే.
మరి ఆదివారం కుండలో ఉడికేది?
మా అమ్మ ఎల్డెమీరా వండే మేక పులుసు
వీధి మలుపు దాకా పిలుస్తుంది.
నేను రెండోసారి వడ్డించుకుంటాను.
ఉప్పుమళ్ళ పని తీరాక వదిలేసిన గాడిదల మనవలు
రాత్రుళ్ళు మా కంచె పీకుతాయి.
తరిమితే ఎక్కడికి పోతాయి? ఇక్కడే పుట్టాయి.
నా ఇంటిపేరు కూడా ఓడ దిగిందే.

ఆగస్టులో ఒక మంగళవారం,
ఉత్తరపు ఇసుకతిన్నె దగ్గర,
షికారు పడవలకి లోతు చాలని చోట,
చదరం పరిచాను.
కొత్తది. పిడికెడు.

అక్కడికి వచ్చేది ఒక్కడే,
సాయంత్రం చేపలబుట్ట దించి
తెల్లారకముందే పైకి లాగేవాడు.
మా నాన్న.

ఇంటికొచ్చి ఆయన మోకు చుట్ట విప్పాను.
పీచుల మధ్య ఇంకా తడిగా
రెండు ఆకులు, ఒక తెల్లటి వేరు.
ఇంటిదొంగ, మా గోడ మేకుకే వేలాడుతూ.

చెప్పాలా వద్దా అని
ఫుంచి ముద్ద చల్లారేదాకా కూర్చున్నాను.
చెప్పాను.
నికాసియో ఆ ఆకుల్ని దీపం దగ్గరికి పట్టుకుని
"ఇంత బక్కదా" అన్నాడు.
చాలాసేపటికి,
"ముప్పై ఏళ్ళుగా ఆ బుట్ట దించేది నేనే" అన్నాడు,
తన మీద తనే ఫిర్యాదు రాయించుకుంటున్నట్టు.

మా దీవిలో నది లేదు,
మంచినీళ్ళకి నెలనెలా బిల్లొస్తుంది.
అయినా ఇప్పుడు వేట నుంచి రాగానే
ఆయన బకెట్టు నిండా మంచినీళ్ళు పట్టి
మోకుని మూర మూరగా కడుగుతాడు,
పసిదాని జడ విప్పి పేలు చూస్తున్నంత ఓపిగ్గా.
అమ్మ బిల్లు చూసి గొణుగుతుంది,
బకెట్టు మాత్రం తనే అందిస్తుంది.
ఆ నీళ్ళు గుడ్డలో వడపోస్తాం.
గుడ్డలో మిగిలింది పొయ్యిలోకి,
నీళ్ళు వయకా కిందికి.
అక్కడ తీగ వల లోపల, మేక మెడ అందని చోట
బొటనవేలంత మొలక ఒకటి.
కాస్త ఉప్పు తగులుతుంది. దానికి అలవాటే.

నిన్న ఉత్తరపు తిన్నె దగ్గర మళ్ళీ మునిగాను.
పిడికెడు ఇప్పుడు దోసెడు.
రాసుకున్నాను.
పడవెక్కి పెన్సిలు చెక్కుకున్నాను.